కుడి మడ్‌గార్డు వెనక నేనున్నాను

నేను ఒక ఉక్కు పిన్నును అనగానే మీరు జడలో పెట్టుకునేదో, కాగితాలకు గుచ్చేదో అనుకుంటారు. ఆ రెండు జాతులతోనూ నాకు చుట్టరికం లేదు. వాటికి మొన ఉంటుంది, నాకు లేదు. వాటిలో కొన్నింటికి తల కూడా ఉంటుంది, నాకు అదీ లేదు. చిటికెన వేలి గోరంత మందాన, రెండు కొసలా ఒక్కలాగే, నున్నగా, గుండ్రంగా ఉంటాను. పనివాళ్ళు నన్ను డోవెల్ అంటారు. రెండు ఇనుప పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు, పైది పక్కకు జరగకుండా రెండింటిలోకీ దిగి నిలబడటం నా పని.

చాలామంది నన్ను బోల్టుకు తమ్ముణ్ణని అనుకుంటారు. బోల్టు బిగించి పట్టుకుంటుంది. పట్టు ఎంత గట్టిదైనా ఎప్పుడో ఒకప్పుడు సడలుతుంది. నేను ఎవరినీ పట్టుకోను. నా చోట నేను ఉంటాను, అంతే. నేనున్నంతకాలం నా పక్కవాళ్ళు జరగలేరు. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. మిగతాది విన్నాక, ఆ గర్వం ఎక్కువైందో సరిపోయిందో మీరే తేల్చండి.

బందరు పక్కన చిలకలపూడిలో, రోల్డ్ గోల్డ్ నగలు చేసే వీధిలో, వీరబ్రహ్మాచారి గారి అచ్చుల కొట్టులో నేను పుట్టాను. పొడవాటి ఉక్కు కడ్డీ నుంచి నన్నూ నా కవలనూ ఒకే పూట కోశారాయన. లేతు మీద తిప్పి, బొగ్గుల కొలిమిలో దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా కాల్చి, నూనె డబ్బాలో ముంచారు. బుస్సుమన్న ఆ చప్పుడే నా తొలి ఏడుపు. అంతటితో గట్టిపడ్డాను గాని, పెళుసెక్కాను. అందుకని మళ్ళీ సన్నసెగ మీద ఎండుగడ్డి రంగు తేలేదాకా వెచ్చబెట్టి ఆ పెళుసుతనం తీశారు. మనుషుల్లో గట్టివాళ్ళకు ఈ రెండో సెగ ఎవరూ చూపించరనుకుంటాను. అందుకే చిన్న దెబ్బకే విరిగిపోతుంటారు.

తరవాత నూనె రాయి మీద రుద్ది రుద్ది కొలతకు తెచ్చారు. ఆయన పరీక్ష ఒకటే. రంధ్రం మీద నిలబెట్టి బొటనవేలితో నొక్కితే మేము దిగకూడదు. చెక్క సుత్తితో తడితే దిగాలి. మేమిద్దరం మొదటిసారే నెగ్గాం.

మామిడి పిందె పతకం అచ్చులో మమ్మల్ని ఎదురుబొదురు మూలల్లో దించారు. కింది అచ్చులో పాతుకుని, పై అచ్చు దిగినప్పుడల్లా దాన్ని సరిగ్గా దాని చోటికి తెచ్చేవాళ్ళం. పైది వెంట్రుక వాసి పక్కకు జరిగినా పిందె మీది ఈనెలు జోడుగీతలై, పతకం పాడైనట్టే. మా కాలంలో అలాంటి పతకం ఒక్కటీ రాలేదు. మేము నొక్కిన రాగి రేకు మీద బంగారు పూత పడి, ఎన్ని ఊళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్ళిందో! అది మేలిమి కాదని పెట్టుకున్నావిడకు తెలుసు, చూసినావిడకూ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియనట్టు ఇద్దరూ ఎంత మర్యాదగా నటించేవారో తలుచుకుంటే, మనుషుల మీద నాకు ముచ్చటే కలుగుతుంది.

పెద్దాయన పోయాక కొట్టు కొడుకు కామేశ్వరాచారి గారి చేతికి వచ్చింది. పూత పని ఆయనది. మెరుగు పని ఆయన భార్య సౌభాగ్యం గారిది. గిర్రున తిరిగే గుడ్డ చక్రం ముందు కూర్చుని ఆవిడ మెరుగు పెడుతుంటే, వస్తువులో తన ముఖం కనిపించాల్సిందే. కనిపించకపోతే ఆ వస్తువు గుమ్మం దాటేది కాదు. నగలతో ఆగితే బాగుండును. వీధి తలుపు గడియ, కుళాయి తిప్పే పిడి, గ్యాసు పొయ్యి కింది మరలు, అన్నీ ఆ చక్రం ముందుకు వెళ్ళి వచ్చినవే. చేతికందిన ఇనుప ముక్క మసగ్గా ఉంటే ఆవిడకు అన్నం సహించదు.

కాలం మారి మామిడి పిందె పాతబడింది. కొత్త తరహా యంత్రాలు వచ్చాయి. పాత అచ్చులన్నీ పాత సామాన్ల వాడికి వెళ్తుంటే మా అచ్చును మాత్రం ఆవిడ పక్కకు తీసింది. "మావయ్యగారి చేతిపని. దీన్ని మాత్రం వెయ్యను" అంది. ఊరికే ఉంచటం ఆ ఇంట్లో ఆనవాయితీ కాదు కనక, వెనక వసారాలో మాగాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది. పతకాలు నొక్కిన చేతులతో జాడీ మూత నొక్కుతూ కూర్చున్నాం. అవమానమని మీరనుకోవచ్చు. మూత కదలకుండా చూడటం కూడా మా పనికి దూరమేమీ కాదు. పైగా వసారా ఆ ఇంటికి గుండెకాయ. ఏ తగువైనా అక్కడికి రాక మానదు. ఇకపై నేను చెప్పేదాంట్లో చాలావరకు ఆ జాడీ మీద కూర్చుని విన్నదీ చూసిందే.

కామేశ్వరాచారి గారికి ఒక చెల్లెలు, హైమావతి. పాలిటెక్నిక్‌లో పిల్లలకు యంత్రాల బొమ్మలు గీయటం నేర్పే లెక్చరర్‌గా పనిచేసి, ముందుగానే ఉద్యోగం మానేసింది. పెళ్ళి చేసుకోలేదు. మేడ మీది గదిలో ఉంటుంది. ఉద్యోగం మానిన ఏడాదే ఆవిడ ఒక కారు తెప్పించింది. కారంటే కారు కాదు, కారు కావలసిన ముక్కలు. ఇనుప గొట్టాల చట్రం, ఫైబరు ఒళ్ళు, సీట్లు, తీగలు, మరల పొట్లాలు, వాటన్నిటికీ ఒక లావుపాటి పుస్తకం. ఇంజను పాత కారులోంచి తీసి మనమే పెట్టుకోవాలి. దానికి పైకప్పు లేదు, తలుపులు లేవు.

పెట్టెలు దిగిన రోజు అన్నగారు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"కారు కొనుక్కుంటానంటే మంచి కారు కొనుక్కుంటావనుకున్నానే. ఇదేంటి, మిగతాది వెనకాల ఇంకో లారీలో వస్తందా?"

"ఇంతే అన్నయ్యా. ఇక మనం బిగించుకోటమే."

"మనం కాదు, నువ్వు."

"నేనే. ఇన్నేళ్ళూ బోర్డు మీద గీశాను. ఒక్కటైనా చేత్తో చేసి నడపకపోతే, ఆ పిల్లలకి నేను చెప్పిందంతా నిజమో కాదో నాకెలా తెలుస్తది?"

కొట్టు వెనకున్న రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. అక్కడ బిగించుకుంటానంది. ఆయన సరేనన్నారు.

రెండు వేసవులు గడిచేసరికి షెడ్డులో నిజంగానే ఒక కారు నిలబడింది. ఆకుపచ్చ రంగు, పొడవాటి ముక్కు. ముందు చక్రాలు ఒంటికి దూరంగా, బయటికే ఉంటాయి. ఒక్కో చక్రం మీద సైకిలుకు ఉన్నట్టు విడిగా ఒక మడ్‌గార్డు. దాని కింద ఒక బ్రాకెట్టు, అంటే వంచిన ఇనుప పట్టీ. స్టీరింగు తిప్పినప్పుడు చక్రంతో పాటు పక్కకు మళ్ళే దిమ్మ నుంచి ఒక ఇనుప చెయ్యి బయటికి వస్తుంది. ఆ చేతికి ఈ పట్టీని రెండు బోల్టులతో బిగించాలి. ఎత్తు సరిచూసుకునే వీలు కోసమని పట్టీలోని బెజ్జాలను గుండ్రంగా కాక కోలగా చేసి పంపారు. సరిచేసుకునే వీలుంటే, చెడిపోయే వీలు కూడా ఉంటుందని వాళ్ళు ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

ఇంట్లో చేసుకున్న కార్లవాళ్ళకు ఒక సంఘం ఉంది. ఏటా గుడివాడ దారిలో ఒక కాలేజీ మైదానంలో కలుస్తారు. అక్కడ ముందు తనిఖీ చేస్తారు. తనిఖీలో నెగ్గిన బండినే మైదానం చుట్టూ తోలనిస్తారు. హైమావతి గారు మొదటి ఏడాది ఎంతో ఆశతో బండిని ట్రాలీ మీద తీసుకెళ్ళింది. సాయంత్రం తిరిగి వచ్చిన తీరు చూస్తే అడగక్కర్లేకపోయింది. తనిఖీ చేసే దామోదర్ గారు కుడి మడ్‌గార్డును రెండు చేతులా పట్టుకుని ఊపితే, అది బొటనవేలి మందాన జరిగి టైరుకు ఆనుకుందట. "వేగంలో ఉండగా ఇది టైరుకు తగిలితే చక్రం పట్టేస్తది మేడమ్. మిమ్మల్ని తోలనిచ్చి నేను ఇంటికెళ్ళి నిద్రపోలేను" అన్నారట. అక్కడ ఎవరో నవ్వారట కూడా. ఆవిడ ఆ మాట చెప్పలేదు. ట్రాలీ తోలినతను చెప్పాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నగారు తేల్చేశారు.

"చూడు హైమా. నాకు పూత తొట్లకి చోటు చాలట్లేదు. వచ్చే ఏడు కూడా వాళ్ళు కాదన్నారనుకో, ఆ బండి ముక్కలు ఎవరికైనా ఇచ్చెయ్. షెడ్డు నాక్కావాలి."

"నెగ్గితే?"

"నెగ్గితే చూద్దాం."

"చూద్దాం కాదన్నయ్యా. నెగ్గితే షెడ్డు కారుది."

ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ, "సరే, కారుదే" అన్నారు. నెగ్గుతుందన్న నమ్మకం లేనప్పుడు మనుషులు ఎంత ఉదారంగా ఒప్పుకుంటారో!

ఏడాది పొడవునా ఆ మడ్‌గార్డుతో పోరాటం నడిచింది. తెలిసినవాళ్ళకు ఉప్పు పండించే కొటార్లున్నాయి. వాటి పక్కనే సొంత మట్టిదారి ఉంది. హైమావతి గారు అక్కడ తోలి చూసేది. ప్రతిసారీ కుడి మడ్‌గార్డో ఎడమదో టైరు మీదికి వాలి ఉండేది. బోల్టులు ఇంకా గట్టిగా బిగించింది. లాభం లేకపోయింది. స్ప్రింగు వాషర్లు వేసింది. వదలకుండా పట్టుకునే కొత్తరకం నట్లు వేసింది. నట్లు ఉన్నచోటే ఉన్నాయి, పట్టీ మాత్రం వాటి కింద నుంచే జరిగింది. ఎవరో చెబితే ట్యూబు రబ్బరు ముక్క కోసి మధ్యలో పెట్టింది. అప్పుడు ఇంకా తొందరగా జరిగింది. ఒకసారి టైరు రాసుకుని కమురు కంపు ఇంటిదాకా వచ్చింది. టైరు మీద గాడి పడింది.

ప్రతిసారీ పట్టీ విప్పి వసారాలోకి తెచ్చేది. ప్రతిసారీ సౌభాగ్యం గారు దాన్ని చేతిలోకి తీసుకుని, "అయ్యో, గీతలు పడ్డాయే! ఇట్టా తే" అని మెరుగు చక్రానికి పెట్టేది. ఆడపడుచు మీద ఆవిడకున్న ప్రేమ అది. కారు మొత్తానికి తాను చేయగలిగిన సాయం మెరుగే కనక, పట్టీలనూ ఇనుప చేతులనూ ముందూ వెనకా, లోపలా బయటా, ఒకదానికొకటి ఆనే ముఖాలతో సహా అద్దాల్లా చేసింది. జరిగిన గీతలు తుడిచేసేది. మర్నాడు పట్టీ ఇంకాస్త సులువుగా జరిగేది. మళ్ళీ గీతలు, మళ్ళీ మెరుగు. ఆ వీధిలో ఎవరిని అడిగినా అదే చేసి ఉండేవారు. మెరవనిది తయారైనట్టే కాదని అక్కడందరి నమ్మకం. నేను జాడీ మీద కూర్చుని అంతా చూస్తున్నాను. నోరు లేని పుట్టుక మీద నాకు విసుగు పుట్టింది అప్పుడే.

తనిఖీ ఆదివారం. ఆ ముందు గురువారం కామేశ్వరాచారి గారు తొట్లు కట్టేవాణ్ణి పిలిపించి షెడ్డు కొలిపించారు. కారు మీదుగా టేపు లాగి కొలుస్తుంటే హైమావతి గారు ఆ టేపు కిందే వంగి స్పానరు అందుకుంది. పట్టీ విప్పుకుని వసారాలోకి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ సమయంలో వదినగారు బంధువుల ఇంట్లో ఒడుగుకు బయలుదేరబోతోంది. కొత్త పట్టుచీర. పైట సర్దుకుంటే జారుతోంది, మళ్ళీ సర్దుకుంటే మళ్ళీ జారుతోంది.

"ఏం చీరో ఏంటో! ఎంత బిగించినా నిలబడదు. రోజూ కట్టే నేతచీర భుజాన పడేస్తే పొద్దుగూకేదాకా అట్టాగే ఉంటది."

"నునుపు కదా వదినా, జారుద్ది."

"జారితే నలుగుర్లో నా పరువు పోద్ది. ఆ పిన్నీసు ఇట్టా అందుకో. ఒక్కటి గుచ్చితే చాలు, ఆ పైన గంతులేసినా కదలదు." గుచ్చుకుని, పైట లాగి చూసుకుని, అలవాటుగా చెయ్యి చాచింది. "ఏదీ, ఆ పట్టీ ఇటివ్వు. వెళ్ళేలోపు చక్రానికి పెట్టేసి పోతా."

హైమావతి గారు పట్టీ ఇవ్వలేదు. దాన్ని వెలుతురుకు తిప్పి చూస్తోంది. బోల్టు బెజ్జం చుట్టూ నెలవంకలా సన్నని గీతలు పడి ఉన్నాయి. ఏడాదిగా ప్రతిసారీ పడుతున్నవే, ప్రతిసారీ తుడుచుకుపోతున్నవే. బొమ్మలు గీసిన కళ్ళు కనక, ఆ వంపు ఎటు తిరిగిందో, ఎంత జరిగిందో అందులోనే చదువుకుంది.

"వదినా, ఆగు. దీనికి మెరుగొద్దు."

"అదేంటే?"

"ఇది బిగువు తక్కువై జరగట్లేదు. నునుపెక్కువై జరుగుతోంది. నీ పట్టుచీర లాగానే. రెండు అద్దాల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే నిలుస్తాయా? మనమే దీన్ని జారేట్టు చేశాం."

"మనమేంటి, నేనని చెప్పు. ఏడాదంతా చేతులు పడిపోయేట్టు మెరుగు పెడితే చివరికి నేనే కారణమా?"

"వద్దన్నానా నేను? పళ్ళికిలించుకుంటా తెచ్చిచ్చింది నేనేగా. ఇద్దరం కలిసే చేశాం. ఇప్పుడు ఇద్దరం కలిసే చెడగొడదాం. గరుకు కాగితం ఎక్కడుంది?"

సౌభాగ్యం గారు పట్టీని తీసుకుని చూసింది. అందులో ఆవిడ ముఖం, బొట్టుతో సహా, స్పష్టంగా ఉంది. "నా చేత్తో పెట్టిన మెరుగుని నా ముందే గీకుతావా! గీకు. నేను అటు తిరుగుతా" అని గోడవైపు తిరిగి నిలబడింది. గరుకు కాగితం చప్పుడు మొదలయ్యాక, అటు తిరిగే అడిగింది.

"గీకితే నిలుస్తదా?"

"చాలావరకూ నిలుస్తది. కానీ ఆ కోల బెజ్జాలున్నాయే, గట్టి కుదుపు తగిలితే వాటిల్లో మళ్ళీ జరుగుద్దేమోనని భయం. నీ పిన్నీసు లాంటిదేదైనా రెండు రేకుల్లోంచీ దిగాలి. వంగనిది, అరగనిది."

ఆవిడ ఇటు తిరిగింది. జాడీ వైపు చూసింది. నేను చూశాను ఆ చూపు. ఎన్నేళ్ళ తరవాతో ఒక మనిషి నన్ను నన్నుగా చూసింది.

ఒడుగు మాట ఎటు పోయిందో, పట్టుచీరతోనే అచ్చును అరుగు మీద పెట్టి, వెనక నుంచి సన్నని కడ్డీ ఆనించి తట్టింది. నా కవల ముందు వచ్చింది. తరవాత నేను. గాలి తగిలి ఒళ్ళు జిల్లుమంది. సొరుగులోంచి నూనె గుడ్డలో చుట్టిన రీమరును కూడా తీసింది. అది మా కొలతకే పెద్దాయన చేసి పెట్టిన పనిముట్టు. తొలిచిన బెజ్జాన్ని మాకు సరిగ్గా సరిపోయేట్టు నునుపు చేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి మీకు అర్థం కావాలి. పిన్ను దిగాక సరిచేసుకోవటమంటూ ఉండదు. మడ్‌గార్డు ఎక్కడ నిలిచి ఉంటే అక్కడే ఎప్పటికీ. బెజ్జం తప్పు చోట పడితే ఆ ఇనుప చెయ్యి పాడైనట్టే. కొత్తది ఆదివారంలోపు రాదు. ఏడాదిగా ఏ పనికీ జంకని హైమావతి గారు డ్రిల్లు పట్టుకుని షెడ్డులో చక్రం పక్కన కూర్చుని, దాన్ని ఆన్ చేయటానికి జంకింది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు ఎక్కడా మారకూడదు. చేత్తో పట్టుకుంటే సందు నిలవట్లేదు. వదినగారు లోపలికి వెళ్ళి తన అప్పడాల కర్ర ఒకటి, పక్కింటివారిది ఒకటి తెచ్చింది. ముందొకటి, వెనకొకటి టైరు మీద పెట్టి, వాటి మీద మడ్‌గార్డును ఆనించారు. సందు కుదిరింది. బోల్టులు బిగించారు.

"ఇక కానీ" అంది సౌభాగ్యం గారు. "నేను పట్టుకున్నాగా."

డ్రిల్లు దిగింది. పొగ, సన్నని ఉక్కు చుట్టలు, కాలిన నూనె వాసన. బెజ్జం పట్టీని దాటి, ఇనుప చేతి అవతలికి మాత్రం తూటు పడకుండా ఆగింది. ఆ తరవాత రీమరు. హైమావతి గారు దాన్ని కొంచెం ముందుకు తిప్పి, బిగిసిందనిపించి వెనక్కి తిప్పబోయింది.

"వెనక్కి తిప్పుతావేంటే!"

గుమ్మంలో కామేశ్వరాచారి గారు. ఎప్పుడొచ్చారో, ఎంతసేపటి నుంచి చూస్తున్నారో.

"రీమరుని వెనక్కి తిప్పుతారా ఎవరైనా? నాన్న చూస్తే చెయ్యి విరగ్గొట్టేవాడు. అంచు చచ్చిపోద్ది దానికి. లే, లే అక్కణ్ణుంచి."

చెల్లెల్ని పక్కకు నెట్టి తాను కూర్చున్నారు. రీమరు పిడి మీద రెండు చేతులూ సమంగా ఆనించి, తొందర లేకుండా, ముందుకే తిప్పుతూ దించారు. ముందుకే తిప్పుతూ పైకి తీశారు. రెండు వైపులా అంతే. ఆ చేతుల్లో నాకు పెద్దాయన చేతులు కనిపించాయి. చివర్లో ఆయనే అన్నారు, "నీ కారు కోసం చెయ్యలేదిది. రీమరు పాడైపోతదని చేశా" అని.

"తెలుసులెండి" అంది సౌభాగ్యం గారు.

నన్ను రంధ్రం మీద నిలబెట్టి బొటనవేలితో నొక్కారు. నేను దిగలేదు. చెక్క సుత్తితో తట్టారు. దిగాను. కొస కొంచెం పొడుగనిపిస్తే సాన రాయికి పెట్టి పొట్టి చేశారు. ఆ నొప్పి సంగతి వదిలేద్దాం. పక్క బోల్టు కింద వెడల్పాటి వాషరు ఒకటి నా మీదికి మూతలా వచ్చేట్టు వేసి బిగించారు. నాకు చీకటైపోయింది. ఇక్కణ్ణుంచి కంటితో చూసినట్టు చెప్పేదంతా తరవాత షెడ్డులో వాళ్ళు చెప్పుకోగా విన్నదే. కుడివైపు నేను, ఎడమవైపు నా కవల. పుట్టిన నాటి నుంచీ ఒకే అచ్చులో ఎదురుబొదురుగా ఉన్నవాళ్ళం, ఇప్పుడు మా మధ్య ఒక ఇంజను.

ఆదివారం మైదానంలో దామోదర్ గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చేతిలో చిన్న సుత్తి. పోయినేటి బండిని గుర్తుపట్టి నేరుగా కుడి మడ్‌గార్డు దగ్గరికే వచ్చారు. రెండు చేతులా పట్టుకుని ఊపారు. కారు ఊగింది, చక్రం ఊగింది, ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. మడ్‌గార్డు మాత్రం చక్రాన్ని వదిలి ఎటూ పోలేదు. కళ్ళజోడు సర్దుకుని, ఈసారి మోకాలు ఆనించి తోశారు. ఆ తోపు వాషరును దాటి, పట్టీని దాటి, నేరుగా నా నడుం మీదికి వచ్చింది. అచ్చులో రోజుకు ఎన్నో దెబ్బలు తిన్నవాణ్ణి నేను. ఆయన మోకాలు నాకొక లెక్కా?

ఎడమవైపుకు వెళ్ళారు. అక్కడా చప్పుడు లేదు. మా వాడు నా పరువు నిలబెట్టాడు.

"ఏం చేశారు మేడమ్?" అన్నారాయన.

"మెరుగు పెట్టడం మానేశామండీ" అంది హైమావతి గారు.

వెనక నుంచి సౌభాగ్యం గారు ఊరుకోలేదు. "కనిపించే చోటల్లా పెట్టాం చూసుకోండి. ఆనే చోట మాత్రమే మానేశాం. మా చేతిలోంచి మసక వస్తువు బయటికి రాదు."

ఆయన నవ్వి, వంగి బోల్టులు చూశారు. "బోల్టులు బాగా బిగించారు" అని మెచ్చుకుని, తోలవచ్చని సంతకం పెట్టారు. నా మీదున్న వాషరును ఆయన చూశారు గాని, దాని కింద ఎవరున్నారో అడగలేదు. పొగడ్త బోల్టులకు పోయింది. పోనీయండి, బయటికి కనిపించేవాళ్ళకే పొగడ్తలు అవసరం.

ఆ తరవాత ఆవిడ తోలింది. నేను లోపల ఉన్నాను కనక మైదానం చూడలేదు. ఆ పరుగు గురించి నాకు తెలిసినదంతా ఒంటికి తెలిసినదే. ముందు మెత్తటి మట్టి, తరవాత గులకరాళ్ళు, ఒక మలుపు, మరో మలుపు. ఒకచోట వాన కోసిన గాడి అడ్డొచ్చింది. చక్రం దాంట్లో పడి లేచినప్పుడు, మడ్‌గార్డు బరువంతా ఒక్కసారిగా పక్కకు ఉరికింది. బోల్టుల బిగువు ఒక్క క్షణం గుటకలు మింగటం నాకు తెలిసింది. అప్పుడు పట్టీ నా ఒంటికి ఆనింది. ఆని, ఆగింది. ఆవిడ బ్రేకు వేయలేదు. వేగం ఇంకా పెంచింది. ఏడాది పాటు ఆ చక్రాల వంక భయంగా చూస్తూ తోలిన మనిషి, ఈసారి దారి వంక చూస్తూ తోలిందని నాకు తెలుసు. స్టీరింగు పట్టుకున్న చేతుల్లో ఆ తేడా చక్రం దాకా వస్తుంది.

ఆగాక జనం చుట్టూ మూగారు. రంగు బాగుందన్నారు, ముక్కు పొడవు బాగుందన్నారు. హైమావతి గారు దిగి, నవ్వుతూ, ఏడుస్తూ, వదినగారి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పట్టుచీరే ఇది, గ్రీజు చేతులు!" అని కేకేస్తూనే ఆవిడ కొంగు లాక్కోలేదు.

కామేశ్వరాచారి గారు మైదానానికి రాలేదు. ఆదివారం పూట కొట్టు చూసేవాళ్ళు లేరని చెప్పారు. మేము తిరిగి వచ్చేసరికి సందె పడింది. కారును షెడ్డులోకి తోసి పెట్టారు. ఆయన చెల్లెలి ముఖం ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్నే తొట్లు కట్టేవాడు మనుషులతో, ఇటుకలతో వచ్చాడు. గురువారం కొలిచిన కొలతలు నోటికి చెప్పుకుంటూ షెడ్డులోకి వచ్చి, "ఈ బండి ఎటు జరపమంటారండీ?" అని అడిగాడు.

కామేశ్వరాచారి గారు కాఫీ గ్లాసుతో వచ్చారు. షెడ్డు నలువైపులా ఒకసారి చూశారు. నడుచుకుంటూ వచ్చి కుడి చక్రం పక్కన నిలబడి, తన ఇంటి పిట్టగోడకు ఆనుకున్నట్టు, మడ్‌గార్డు మీద అరచెయ్యి వేసి ఆనుకున్నారు. ఆనుకుని ఒక గుక్క కాఫీ తాగారు.

"జరిపేదేముందయ్యా? తొట్లు డాబా మీద కడదాం. ఇటుకలు అటు మోయించు. ఇక్కడ కారుంటది."

వాడు ఇంకేదో అడిగాడు. ఈయన ఇంకాస్త ఆనుకుని, తీరిగ్గా సమాధానం చెబుతూ ఉన్నారు. మనిషి బాగా బరువు. ఆ బరువంతా నేనే మోస్తున్నాను.